ఓడి వచ్చిన బిడ్డకు తలుపు తీసేదెవరు?

2024 ఆగస్టు 1, గురువారం. జొహ్ర్ నమాజు ముగించుకుని అజీజ్‌నగర్‌లోని మా ఇంటికి చేరేసరికి పిల్లలందరూ ఒకే ఫోను చుట్టూ గుమిగూడి ఉన్నారు. ఫోనును గోడకు ఆనించి, జారిపోకుండా ముందు ఒక ఇత్తడి గ్లాసు అడ్డం పెట్టారు. మా తల్లిగారు మంచం మీద నుండే మెడ చాచి చూస్తున్నారు. మా శ్రీమతి తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. పారిస్ ఒలింపిక్స్ మహిళల బాక్సింగ్ 50 కిలోల విభాగంలో మన నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ రింగులోకి దిగబోతున్నారు. ఎదుట ఉన్నది చైనాకు చెందిన వూ యూ. ఆసియా క్రీడల విజేత, ఆ విభాగంలో అగ్రశ్రేణి సీడు. నిఖత్‌కు అసలు సీడింగే లేదు.

మూడు రౌండ్లు, ఒక్కొక్కటి మూడు నిమిషాలు. అంతలోనే అంతా అయిపోయింది. అయిదుగురు న్యాయనిర్ణేతలూ వూ యూ వైపే మొగ్గారు. ఫోను ముందు కూర్చున్న మా పెద్దమ్మాయి చాలాసేపు కదలలేదు. ఎనిమిదో తరగతి చదువుతున్న ఆ పిల్ల తన బట్టల అలమర తలుపుకు లోపలి వైపున, పత్రికలో నుండి కత్తిరించిన నిఖత్ చిత్రాన్ని అంటించుకుంది. చివరకు లేచి, గ్లాసు తీసి వంటగదిలో పెట్టి, ఏమీ మాట్లాడకుండా పుస్తకాల ముందు కూర్చుంది.

ఆ రోజు ఓడింది నిఖత్ అని మేమందరం అనుకున్నాము. ఆ రోజున మా ఇంట్లో మరొకరు కూడా ఓడిపోయారనీ, అది మేమేననీ తెలియడానికి మాకు దాదాపు నెల రోజులు పట్టింది. ఆ సంగతి దాచుకోకుండా పాఠకులతో పంచుకోవాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

నిఖత్ జరీన్ మా బోటి ఇళ్లకు కేవలం ఒక క్రీడాకారిణి కాదు. నిజామాబాద్‌లో నలుగురు ఆడపిల్లలున్న సాధారణ ముస్లిం కుటుంబంలో మూడో బిడ్డ. తండ్రి ముహమ్మద్ జమీల్ అహ్మద్ సౌదీ అరేబియాలో పనిచేసి, బిడ్డల భవిష్యత్తు కోసం ఆ సంపాదన వదులుకుని ఇంటికి తిరిగి వచ్చిన మనిషి. గల్ఫ్‌కు ఒక మనిషినైనా పంపని వీధి మన జిల్లాల్లో ఎక్కడుంది? ఆ తిరిగి రావడానికి ఎంత ధైర్యం కావాలో మా వంటి కుటుంబాలకు వేరే చెప్పనక్కరలేదు. ఆడపిల్లకు ముష్టియుద్ధమేమిటి, ఆ దుస్తులేమిటి అని చుట్టపక్కాలు అన్న మాటలను కూడా ఆ కుటుంబం ఎన్నడూ దాచలేదు.

ఆమె 2011లో టర్కీలోని అంతల్యాలో జూనియర్ ప్రపంచ విజేత అయ్యారు. 2017లో భుజానికి గాయమై చాలా కాలం ఆటకు దూరమయ్యారు. 2019 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన ఎంపిక పోటీలో మేరీ కోమ్ చేతిలో 9-1 తేడాతో ఓడారు. ఆ పోటీ ముగిశాక మేరీ కోమ్ చేయి కలపకుండానే వెళ్లిపోవడం, తెలంగాణ నుండి వెళ్లిన మద్దతుదారులు అక్కడే బిగ్గరగా నిరసన తెలపడం దేశమంతా చూసింది. మూడేళ్లు గడవకముందే 2022 మే 19న ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలో ప్రపంచ విజేతగా నిలిచారు. అదే సంవత్సరం బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం, 2023 మార్చిలో న్యూఢిల్లీలో రెండోసారి ప్రపంచ విజయం. తెలంగాణ ప్రభుత్వం ఆమెకు 2 కోట్ల రూపాయల నగదు పురస్కారం, ఇంటి స్థలం ప్రకటించింది.

ఇస్తాంబుల్ విజయం నాటి సాయంత్రం మాకు బాగా గుర్తు. మిఠాయి డబ్బా తెచ్చి వీధిలో పంచినవారిలో మేమూ ఉన్నాము. "మన బిడ్డ" అన్నాము. "మన పేరు నిలబెట్టింది" అన్నాము. ఆమె ఏ దుస్తుల్లో ఆడిందన్న ప్రశ్న ఆ రోజు మిఠాయి తిన్నవారెవరికీ రాలేదు.

ఇప్పుడు 2024 ఆగస్టు 1 సాయంత్రానికి వద్దాము. చేవెళ్ల వెళ్లే రోడ్డు మీద వాన తుంపర పడుతోంది. కళాశాలల బస్సులు ఒకదాని వెనుక ఒకటి విద్యార్థులను దింపుతున్నాయి. టీ కొట్టు ముందు, మస్జిద్‌లో వుజూ కుళాయిల దగ్గర, ఫోన్లలోనూ ఒకటే చర్చ. ఆ మాటలను తలచుకుంటే మూడు రకాలుగా కనిపిస్తాయి.

మొదటి రకం వారు అన్నీ ముందే తెలిసినవారు. "ఈసారి కష్టమేనని నేను మొన్ననే చెప్పాను" అన్నవారిలో ఒక్కరు కూడా మొన్న ఆ మాట అనలేదు. రెండవ రకం వారు సాకులు వెతికే అభిమానులు. సీడింగ్ ఇవ్వకపోవడం కుట్ర అన్నారు, న్యాయనిర్ణేతలు అమ్ముడుపోయారన్నారు. సీడింగ్ లేకపోవడం వల్ల అంత బలమైన ప్రత్యర్థి అంత తొందరగా ఎదురైన మాట నిజమే. కాని ఆ రోజు మెరుగ్గా ఆడింది వూ యూ అన్నదీ అంతే నిజం. ఆ పోటీల్లో చివరకు స్వర్ణం గెలిచింది కూడా ఆమే. మన మనిషి ఓడినంత మాత్రాన ఎదుటి మనిషి మోసగత్తె అయిపోదు.

మూడవ రకం వారికి హఠాత్తుగా ధర్మం గుర్తుకు వచ్చింది. ఆ పొట్టి దుస్తులకు ఇదే శిక్ష అన్నారు. ముఖం మీద కొట్టడం నిషిద్ధం కదా అన్నారు.

ఈ చివరి మాటను తేలికగా తీసిపారేయడం మా ఉద్దేశం కాదు. ముఖం మీద కొట్టవద్దని దైవప్రవక్త (స) వారించినట్లు ప్రామాణిక హదీసులు ఉన్నాయి. దాని ఆధారంగా ముష్టియుద్ధాన్ని అనుమతించని పండితులు ఉన్నారు. దుస్తుల విషయంలో ధర్మం ఏమి కోరుతుందో మన ఇళ్లలో అందరికీ తెలుసు. వీటిపై శ్రద్ధతో, విజ్ఞతతో మాట్లాడుకోవడం అవసరమే. కాని 2022లో మిఠాయి తిన్న నోటికి 2024లో మాత్రమే ఈ హదీసు గుర్తుకు వచ్చిందంటే, గుర్తుచేసింది ధర్మం పట్ల శ్రద్ధా, లేక ఓటమి వల్ల కలిగిన అక్కసా? గెలిచిన రోజున మనవైపుకు లాక్కుని, ఓడిన రోజున ధర్మం పేరుతో బయటకు నెట్టడం ధర్మానికే అవమానం. ఒక మాట నిజంగా హితవైతే అది గెలిచిన రోజున కూడా హితవే కావాలి.

ఇక మేము చేసిన పని చెప్పవలసి ఉంది. మేము పై మూడు రకాలలో ఏదీ కాదని అనుకుంటూ, అందరికంటే తెలివైన వాళ్లమని చూపించుకోవాలని, ఆ రాత్రి మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక వాక్యం రాశాము: "రెండు కోట్లు పుచ్చుకున్న చేతులు రెండు గుద్దులు గుద్దలేకపోయాయి." నిమిషంలో నవ్వు బొమ్మలు వరుస కట్టాయి. దుబాయిలో ఉన్న మా బావమరిది దానిని మరో గ్రూపుకు పంపాడు. మేము సంతోషంగా నిద్రపోయాము.

అదే సమయంలో పారిస్‌లో ఆ అమ్మాయి ఎలా ఉన్నదో మరునాడు పత్రికల్లో చదివాము. రింగు దిగి విలేకరుల ముందుకు వచ్చినప్పుడు ఆమె కన్నీళ్లు ఆపుకోలేకపోయారు. దేశ ప్రజలను క్షమించమని కోరారు. బరువు అదుపు కోసం రెండు రోజులుగా తిండి తినలేదనీ, తూకం అయ్యేదాకా నీళ్లు కూడా ముట్టలేదనీ, కోలుకునే వ్యవధి దొరకలేదనీ చెప్పారు. గెలిచి ఉంటే ఈ శ్రమనంతా అందరూ మెచ్చుకునేవారు, ఓడిపోయాను కనుక సాకులా వినిపిస్తుంది అని కూడా ఆమే అన్నారు. ప్రత్యర్థిని నిందించలేదు. న్యాయనిర్ణేతలను తిట్టలేదు. మళ్లీ బలంగా తిరిగి వస్తానన్నారు.

పత్రికను మా తల్లిగారికి చదివి వినిపిస్తే ఆమె విన్నది ఒక్క ముక్కే. "రెండు రోజులు తినలేదా? అయ్యో బిడ్డా! ఇప్పుడన్నా ఎవరైనా ఇంత అన్నం పెట్టారా?" అన్నారు. ఓటమి గురించి ఆమె అడిగిన ప్రశ్న అదొక్కటే. మేము దానికి నవ్వుకున్నాము. ఆరు రోజుల తర్వాత, అదే ఒలింపిక్స్‌లో కుస్తీ క్రీడాకారిణి వినేశ్ ఫోగట్ 100 గ్రాముల అదనపు బరువు కారణంగా ఫైనల్ ఆడకుండానే అనర్హురాలైనప్పుడు గాని, తూకం అంటే ఏమిటో, దాని కోసం ఆ పిల్లలు తమ శరీరాలను ఎంత హింసించుకుంటారో మా టీ కొట్టు విశ్లేషకులకు అర్థం కాలేదు. మా తల్లిగారికి మాత్రం మొదటి రోజే అర్థమైంది.

ఆ నెలాఖరున పాఠశాలల మండల స్థాయి క్రీడలు జరిగాయి. మా పెద్దమ్మాయి 400 మీటర్ల పరుగులో పాల్గొనవలసి ఉంది. ఆ వేసవి అంతా ఫజ్ర్ నమాజు తర్వాత మేమే దానిని పొలాల వెంబడి మట్టి దారికి తీసుకువెళ్లేవాళ్లం. హిమాయత్ సాగర్ మీదుగా వచ్చే చల్లగాలిలో అది పరుగెత్తుతుంటే మేము ఫోనులో సమయం చూసేవాళ్లం. పోటీ రోజు సాయంత్రం ఇంటికి వచ్చి, "వాన వల్ల పరుగు వాయిదా పడింది అబ్బూ" అని చెప్పింది. మేము నమ్మాము.

మూడు రోజుల తర్వాత, జుమా నమాజు ముగిసి మెట్లు దిగుతుండగా దాని సహాధ్యాయి తండ్రి పలకరించారు. "మీ అమ్మాయి ఆఖరి మలుపు దాకా రెండో స్థానంలో ఉంది భాయ్, పాపం చివర్లో అయిదో స్థానానికి పడిపోయింది. పర్లేదు, చిన్నపిల్లే కదా" అన్నారు.

పరుగులో ఓడినందుకు మాకు బాధ కలగలేదు. మా బిడ్డ మాతో అబద్ధం చెప్పిందన్నది గుండెలో గుచ్చుకుంది. ఇంటికి వెళ్లి, గొంతు కొంచెం పెంచే అడిగాము: "ఎందుకు అబద్ధం చెప్పావు? మేము నిన్ను ఎప్పుడైనా కొట్టామా? తిట్టామా?"

అది తలవంచుకుని చాలాసేపు నిలబడింది. తర్వాత వాళ్ల అమ్మ ఫోను తెచ్చి, గ్రూపులో వెనక్కి వెనక్కి వెళ్లి, ఆగస్టు 1 రాత్రి మేము రాసిన వాక్యం చూపించింది.

"నిఖత్ అక్క రెండుసార్లు ప్రపంచంలో గెలిచింది. ఒక్కసారి ఓడితే మీరు ఇలా రాశారు. నేనైతే ఇంకా ఏమీ గెలవలేదు కదా అబ్బూ" అంది.

మాకు జవాబు దొరకలేదు. మా శ్రీమతి మా వైపు చూసి, ఏమీ అనకుండా బిడ్డను లోపలికి తీసుకువెళ్లింది. ఆ మౌనం కన్నా నాలుగు మాటలు అని ఉంటే బాగుండుననిపించింది.

ప్రియ పాఠకులారా, పెద్దలమైన మనం దూరంగా ఉన్నవారి గురించి అన్న మాటలు వారికి చేరకపోవచ్చు. పారిస్‌లో ఉన్న ఆమెకు మా వెక్కిరింత చేరలేదు. కాని ఆ మాట మా ఇంటి గోడ అవతల కూర్చుని చదువుకుంటున్న బిడ్డకు చేరింది. ఓడినవారి పట్ల ఈ ఇంట్లో ఏ తీర్పు వెలువడుతుందో అది చదివి తెలుసుకుంది. తన వంతు వచ్చినప్పుడు ఆ తీర్పు నుండి తప్పించుకునే దారి వెతుక్కుంది. ఆ దారి పేరు అబద్ధం. మేము దానికి అబద్ధం నేర్పలేదని అనుకున్నాము, కాని నిజం చెప్పడానికి కావలసిన ధైర్యాన్ని మేమే దాని నుండి లాక్కున్నాము.

ఆ రాత్రి మా తండ్రిగారు గుర్తుకు వచ్చారు, అల్లాహ్ ఆయనను కరుణించుగాక. ఆయన ముహమ్మద్ అలీ అభిమాని. 1980లో అలీ మద్రాసుకు వచ్చి జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన పోటీ ఆడిన సంగతి ఎన్నిసార్లు చెప్పేవారో లెక్కలేదు. అదే సంవత్సరం అక్టోబరు 2న లాస్ వెగాస్‌లో, 38 ఏళ్ల అలీ ల్యారీ హోమ్స్ చేతిలో దెబ్బలు తిని తిని, పదో రౌండు తర్వాత తన శిక్షకులే పోటీ ఆపించగా కుర్చీ మీద నుండి లేవలేకపోయిన వార్త వచ్చింది. మిత్రులు "ముసలివాడైపోయాడు, సిగ్గులేక దిగాడు" అని నవ్వారట. మా తండ్రిగారు గోడ మీది అలీ చిత్రాన్ని తీయలేదు. "గెలిచినప్పుడు పెట్టి ఓడినప్పుడు తీస్తే అది అభిమానం కాదు, బేరం" అనేవారు. ఆ పోటీలో గెలిచిన హోమ్స్ కూడా ఆ రాత్రి కన్నీళ్లు పెట్టుకున్నాడు. తాను అభిమానించే మనిషిని తన చేతులతోనే కొట్టవలసి వచ్చినందుకు గెలిచినవాడు ఏడ్చాడు, చూస్తున్నవారు నవ్వారు.

అలీ జీవితంలోనే మరో పాఠం ఉంది. 1971 మార్చి 8న న్యూయార్క్‌లో 15 రౌండ్ల పాటు సాగిన పోటీలో జో ఫ్రేజియర్ అతనిని ఓడించాడు. వృత్తి జీవితంలో అలీకి అదే మొదటి ఓటమి. ఆ పోటీకి ముందూ, ఆ తర్వాతి సంవత్సరాలలోనూ అలీ ఫ్రేజియర్‌ను నీచమైన పేర్లతో ఎగతాళి చేశాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆ మాటలు ఫ్రేజియర్ పిల్లలను బడిలో సైతం వెంటాడాయి. చివరకు 2001లో అలీ పత్రికాముఖంగా విచారం వ్యక్తం చేశాడు. అంతటి విజేతకు కూడా తన నోటి నుండి జారిన మాట ముప్పై ఏళ్ల బరువైంది. ఫ్రేజియర్ బిడ్డల కథ చదివినప్పుడు అన్యాయమనుకున్న మేము, మా బిడ్డకు అదే చేశామని గ్రహించలేకపోయాము.

దైవప్రవక్త (స) జీవితంలో ఇటువంటి సందర్భాలలో ఆయన ప్రవర్తన ఎలా ఉండేదో చూసినప్పుడు మా తల మరింత వంగిపోయింది. ఆయన ఒంటె అద్బా పరుగులో ఎన్నడూ ఓడనిది. ఒక పల్లెటూరి అరబ్బు తన యువ ఒంటెపై వచ్చి దానిని దాటిపోయాడు. సహచరులకు అది మింగుడుపడలేదు. వారి ముఖాలలో బాధ గమనించిన దైవప్రవక్త (స), ఈ లోకంలో పైకి లేచిన ప్రతిదానినీ అల్లాహ్ ఏదో ఒకనాడు కిందికి దించుతాడన్న సత్యాన్ని వారికి బోధించారు. ఆ పల్లెటూరి మనిషిని ఎవరూ తప్పుపట్టలేదు, ఆ ఒంటెను ఎవరూ దూషించలేదు. ప్రపంచంలో మొట్టమొదటి అభిమాని మొదలు నేటి టీ కొట్టు విశ్లేషకుడి దాకా అందరికీ సరిపోయే బోధన ఇది.

మరొక సంఘటన. ఆయన తన ధర్మపత్ని హజ్రత్ ఆయిషా (ర)తో పరుగు పందెం పెట్టుకున్నారు. మొదటిసారి ఆమె గెలిచారు. కొంత కాలం తర్వాత మళ్లీ పరుగెత్తినప్పుడు ఆయన గెలిచి, ఆనాటి దానికి ఇది చెల్లు అని చమత్కరించారు. ఓడినప్పుడు కోపం లేదు, గెలిచినప్పుడు వెక్కిరింత లేదు. ఎదుటివారిని మట్టి కరిపించేవాడు బలవంతుడు కాడు, కోపం వచ్చినప్పుడు తనను తాను అదుపు చేసుకునేవాడే బలవంతుడన్నది కూడా ఆయన బోధనే. ఆ కొలతతో చూస్తే, పారిస్‌లో కన్నీళ్ల మధ్య కూడా ప్రత్యర్థిని పల్లెత్తు మాట అనని ఆ అమ్మాయి బలవంతురాలు. ఇంట్లో మెత్తని పరుపు మీద కూర్చుని వెక్కిరించిన మేము బలహీనులము.

మరునాడు అదే గ్రూపులో మేము ఇలా రాశాము: "ఆగస్టు 1న నేను రాసిన మాట తప్పు. ఒక మనిషి బాధను నవ్వులాటగా మార్చాను. అందరూ క్షమించండి." ఇద్దరు ముగ్గురు చేయెత్తిన బొమ్మ పెట్టారు. మా బావమరిది ఫోను చేసి, "ఇంత చిన్న విషయానికి ఇంత రాద్ధాంతమా బావా?" అన్నాడు. ఆ వాక్యం ఎన్ని గ్రూపులకు వెళ్లిందో, ఎందరు నవ్వారో మాకు తెలియదు. వదిలిన మాటను వెనక్కి రప్పించే ఉపాయం లేదు. మా అమ్మాయి ఆ క్షమాపణ చదివిందో లేదో కూడా మేము అడగలేదు.

ఆ తర్వాత మా ఇంట్లో ఒక చిన్న మార్పు చేసుకున్నాము. పరీక్ష రాసి వచ్చినా, పోటీకి వెళ్లి వచ్చినా, గుమ్మంలో పిల్లలను ఫలితం అడగము. తిన్నావా అని అడుగుతాము. ఇది మా ఆలోచన కాదు, మా తల్లిగారి నుండి అరువు తెచ్చుకున్నది. ఫలితం వారు చెప్పాలనుకున్నప్పుడు చెబుతారు. తప్పు దిద్దవలసి ఉంటే, ధర్మం చెప్పవలసి ఉంటే, అన్నం తిన్న తర్వాత, నలుగురిలో కాకుండా, మెల్లగా చెప్పవచ్చు. అలా చెప్పిన మాటే లోపలికి దిగుతుందని ఇప్పుడు నమ్ముతున్నాము.

నిఖత్ విషయానికి వస్తే, పారిస్ నుండి వచ్చిన తర్వాత 2024 సెప్టెంబరులో ఆమె తెలంగాణ పోలీసు శాఖలో డీఎస్పీగా బాధ్యతలు స్వీకరించారు. ఆటను మాత్రం వదలలేదు. 2025 సెప్టెంబరులో లివర్‌పూల్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో క్వార్టర్ ఫైనల్‌లో టర్కీకి చెందిన బూసె నాజ్ చేతిలో మళ్లీ 0-5తోనే ఓడారు. ఆ వార్తను మాకు మొదట చెప్పింది మా అమ్మాయే. "అక్క ఓడిపోయింది అబ్బూ" అని చెప్పి, మా ముఖంలోకి ఒక క్షణం పరీక్షగా చూసింది. "మళ్లీ ఆడుతుందిలే బేటా" అన్నాము. మూడు నెలలు తిరగకుండానే, నవంబరులో గ్రేటర్ నోయిడాలో జరిగిన ప్రపంచ బాక్సింగ్ కప్ ఫైనల్స్‌లో నిఖత్ 51 కిలోల విభాగంలో స్వర్ణం గెలిచారు. ఈసారి మేము మిఠాయి పంచలేదు. పంచకూడదని కాదు. లివర్‌పూల్ ఓటమి నాడు ఆమె కోసం దువా చేశామా లేదా అన్నదే ముఖ్యమని తోచింది. అల్హందులిల్లాహ్, చేశాము.

మొన్న మా అమ్మాయి బడి పోటీల నుండి వచ్చింది. బూట్ల నిండా ఎర్రమట్టి. గేటు దగ్గర నుండే గట్టిగా అరిచింది: "నాలుగో స్థానం వచ్చింది అబ్బూ, ఓడిపోయాను. దాదీ, బాగా ఆకలేస్తోంది!"

మా తల్లిగారు అప్పటికే పళ్లెం పెట్టి ఉంచారు. తలుపు తీయడానికి మేము లేచి వెళ్లాము.

మన పిల్లలు తమ ఓటములను మోసుకుని నేరుగా మన ఇంటికే రాగలిగేంత విశాలమైన మనసును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.